ఆరు ఘ లు

'ముల్లుకర్ర' వారపత్రిక అచ్చాఫీసు
లాలాపేటలో ఓ రేకుల షెడ్డు.
సంపాదకుడు భావన్నారాయణ గారిది పొన్నూరు.
కంపోజిటర్ని నేను, సంసోనుని.
ఊళ్లో నాయకులందర్నీ
తలకిందులుగా, అద్దంలోలా చదివినవాణ్ణి.

సీసపు అక్షరాలు మద్రాసులో ఎవరో వాడి వదిలేసినవి.
సున్నాలు బోలెడు. వత్తులకి కరువు.
ఘ లు మాత్రం ఆరు.
అందులోనూ ఒకటి అరిగింది.

మునిసిపల్ చైర్మన్ పేరేమో వీరరాఘవయ్య.
కుళాయి గొట్టాల కాంట్రాక్టు బావమరిదికి రాసిచ్చిన వారం
రెండు కాలాల సంపాదకీయం,
పద్నాలుగు చోట్ల వీరరాఘవయ్య.
ఆరో పేరుకే గడి ఖాళీ అయింది.
"ఏం చెయ్యమంటారండీ?"
"ఇక్కణ్ణించి 'ఆయన' అని పెట్టవోయ్."
సోమవారం బ్రాడీపేట కాఫీ హోటల్లో
ప్లీడర్లు మెచ్చుకున్నారట,
తిట్టేటప్పుడు కూడా ఎంత మర్యాద అని.

తొక్కుడు మిషను. శుక్రవారం రాత్రి కరెంటు పోతే
కిరసనాయిలు దీపం, నా ఎడమ కాలు.
ఎనిమిది వందల కాపీలు.
చందా కట్టినవాళ్లు నూట పన్నెండు మంది.
ప్రకటనలు: ఒక పురుగుమందుల కొట్టు, ఒక పళ్ల డాక్టరు,
ఓడిపోయిన అభ్యర్థుల కృతజ్ఞతలు.
గెలిచినవాళ్ల కృతజ్ఞతలు పెద్ద పేపర్లకి పోయేవి.

రామతులశమ్మ గారు మైదా ఉడికించి
రేపర్లు అంటిస్తూ ప్రూఫు చదివేది.
"ఈ మాట ఆయన కూతురు కూడా చదువుతుంది"
అంటూ జిగురు వేలితోనే ఒక వాక్యం చెరిపేది.
భావన్నారాయణ గారు గొణిగేవారు.
నేను ఆ వాక్యం ఊడదీసి
అక్షరాలు గళ్లలో పోసేవాణ్ణి.

డెబ్భై ఐదులో
ప్రూఫు పట్టుకుని కలెక్టరాఫీసు వరండాలో నిలబడ్డాను.
ఎర్ర పెన్సిలు. సంపాదకీయానికంతా ఒకటే ఇంటూ మార్కు.
ఖాళీ వదలడం కూడా నేరమే.
రాత్రి పదకొండింటికి ఆయన బీడీ ఆర్పి
కాగితం లేకుండా చెబుతూ పోయారు, నేను పేర్చుకుంటూ పోయాను.

"మిర్చి యార్డు ధరలు.
మేలురకం సరుకంతా గోదాముల్లో ఉన్నది.
తాళాలు ఈ ఊళ్లో లేవు.
బజార్లో దొరుకుతున్నది రంగే, ఘాటు లేదు.
ఘాటు కావలసినవారు ఓపిక పట్టవలెను."

ఆఫీసరు చదివి, తలాడించి, సంతకం పెట్టాడు.
శనివారం మధ్యాహ్నానికి ఒక్క కాపీ మిగల్లేదు.
తర్వాతి వారం సత్తెనపల్లి నుంచి ఓ రైతు వచ్చాడు,
షెడ్డు గుమ్మంలో కండువా విదిలించి కొట్టాడు.
"మీ పేపరు నమ్మి సరుకు ఆపుకున్నా.
క్వింటాలుకి నలభై పోయింది."
భావన్నారాయణ గారు ఆ పూట అన్నం తినలేదు.
పత్రిక ఉన్నన్నాళ్లూ
ఆ రైతు పేరు రేపరు మీద నేనే రాశాను.
చందా అడగలేదు.

ఎప్పుడు ఆగిందో తేదీ చెప్పలేను.
వారానిది పక్షానికొకటి అయింది,
ఆపైన ఎన్నికలొస్తేనే.
ఆయన పోయిన ఏడు సీసమంతా కాటా మీద పోశాం.
అ నుంచి ఱ దాకా
కిలో ఒకటే రేటు.

మొన్న వీరరాఘవయ్య మనవడు మా ఇంటికొచ్చాడు,
కార్పొరేటరుగా నిలబడుతున్నాడట.
"మా తాతగారి గురించి మీ పేపర్లో వేశారంట కదా తాతా?"
ఫైలు తీశాను.
పై సగం చెదలు తినేసింది, ఆరు పేర్లతో సహా.
మిగిలిందంతా ఆయన, ఆయన, ఆయన.
చెప్పబోయాను. ఈలోగా ఫోన్లో ఫొటో తీసేసుకున్నాడు.

ఇప్పుడు లాడ్జి సెంటర్లో ఫ్లెక్సీ.
నవ్వుతున్న తాత, పక్కన దండం పెడుతున్న మనవడు,
కింద మా సీసపు అక్షరాల్లో ఒక ముక్క:
"ఆయన చెయ్యి పడని కుళాయి ఈ ఊళ్లో లేదు."
రామతులశమ్మ గారు కొట్టెయ్యకుండా వదిలిన వాక్యం అది.

పైన రంగుల్లో వీరరాఘవయ్య, వీరరాఘవయ్య.
ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నా నిలబడి లెక్కపెట్టాను.
తొమ్మిది సార్లు.
ఒక్క ఘ కూడా అరగలేదు.